కాఫీకి ముందు ఒక గంట

ఇత్తడి ఫిల్టరులో మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టాక ప్రభుదాస్ కాసేపు ఏ పనీ పెట్టుకోడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, డికాక్షన్ దిగే చప్పుడు వింటూ నిలబడతాడు. మొదట ఏమీ వినిపించదు. తర్వాత ఒక చుక్క. చాలాసేపటికి ఇంకొకటి. వాన వెలిశాక ఎవరింటి చూరు కిందో ఆగినట్టు ఉంటుంది. తెనాలి స్టేషన్ ఎదురుగా ఉన్న ఆ చిన్న టిఫిన్ హోటల్లో అంతటి నెమ్మది మళ్ళీ రేపు తెల్లవారుజామున తప్ప దొరకదు.

పాలు పొంగుకొచ్చాయి. మంట తగ్గించి, గరిటెతో మీగడ పక్కకు నెట్టి, మొదటి కాఫీ కలిపాడు. చెయ్యి దానంతటదే పై అరలోని ఫ్లాస్కు వైపు వెళ్ళి సగంలో ఆగింది. ఆకుపచ్చ ఫ్లాస్కు బోర్లించి ఉంది. ఈస్టరు ముందటి నలభై రోజుల ఉపవాసాలు, శ్రమదినాలు, మొదలైన బుధవారం నుంచి అలాగే ఉంది. రోజూ చెయ్యి వెళ్ళడం, ఆగడం, తనలో తను నవ్వుకోవడం అలవాటైపోయింది.

ఆ కాఫీని గ్లాసులో పోసి బయటికి తీసుకెళ్ళాడు. స్టేషన్ గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని మల్లెమొగ్గలు కడుతున్న మాణిక్యాంబ రెండు చేతులూ చాచి అందుకుంది.

"ఇయ్యాళ్టితో నా భాగ్యం సరి" అంది. "రేపు మీ పండగ. ఎల్లుండి నుంచి ఈ మొదటి గ్లాసు మీ ఆవిడకేగా తమ్ముడూ?"

"నీకు రెండోది ఇస్తాలే అక్కా."

"రెండోది ఊరంతా తాగేదే. మొదటిదాని రుచి మప్పి, ఇప్పుడు రెండోదంటే ఎట్టా? మీ దేవుడికి చెప్పి ఇంకో నలభై రోజులు పెంచమను."

అతను నవ్వాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. నాలుగు రోజుల నుంచి అతను సరిగ్గా అదే ఆలోచిస్తున్నాడు.

"ఆ భుజం అట్టా రుద్దుకుంటావేంటి పొద్దస్తమానం?"

"డికాక్షన్ ఎత్తి పోసీ పోసీ."

"చూపించుకోరాదూ."

"పండగ అవనీ."

లోపలికి వచ్చి ఫ్లాస్కును ఒకసారి తుడిచి, మళ్ళీ బోర్లించాడు. పెళ్ళయిన కొత్తలో హెలెన్ తన మొదటి జీతంతో కొన్నది అది. లోపలి గాజు రెండుసార్లు మార్పించాడు. ఒకవైపు సొట్ట పడింది. మూత రబ్బరు పోతే, కుక్కరు రబ్బరు ముక్క కోసి బిగించాడు. హోటల్లో ఏ రోజైనా మొదటి కాఫీ ఆ ఫ్లాస్కులోకే వెళ్ళేది. దాన్ని చంకలో పెట్టుకుని స్టేషన్ వెనక సందులోకి గబగబా నడిచేవాడు. హెలెన్ మంచం అంచున కూర్చుని, మూతలోకి వంచి, ఆమె కళ్ళు తెరిచేదాకా ఆ మూతను ముఖం దగ్గర పట్టుకునేవాడు. ఆమె వాసనకు లేచేది. మళ్ళీ గబగబా హోటలుకి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇద్దరికీ కలిసే వీలుండదు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ కాపురంలో తీరికగా గడిచిందంటే ఆ కాస్త సేపే.

యజమాని సీతారామాంజనేయులు గారు అది చూసీ చూడనట్టు ఊరుకునేవారు. గిరాకీకి ముందే మొదటి కాఫీ గడప దాటి వెళ్ళడం ఏ హోటలు వాళ్ళూ ఒప్పుకోరు. ఒకసారి ఎవరో ఆ మాట అంటే, "అది వాడి బోణీలేవయ్యా" అన్నారు. అంతే. ప్రభుదాస్ ఆ మాటను ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాడు.

అతను మొదట ఆ హోటలుకి గ్లాసులు కడగడానికి వచ్చాడు. అప్పట్లో ఆంజనేయులు గారి తండ్రి, పెద్దాయన వెంకటకృష్ణయ్య గారు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. ప్రభుదాస్‌కి పెరటి వైపు తొట్టి దగ్గరే పని. వంటింటి గడప లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దని కూడా ఎవరూ అనలేదు. అందరికీ తెలిసిన సంగతి అది. ఒక వానాకాలం కాఫీ మాస్టరుకి జ్వరం వచ్చింది. గిరాకీ బల్లల దగ్గర కూర్చుని ఉంది. పెద్దాయన పెరటి గుమ్మంలోకి వచ్చి, "నీకు కలపడం వచ్చా?" అని అడిగారు. వచ్చని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. ఆ పూట రెండో కాఫీ అడిగినవాళ్ళు ఎక్కువయ్యారు. ఎవరు కలిపారని ఒకాయన అడిగితే, "మా మాస్టరే" అన్నారు పెద్దాయన. ఆ మాటతో ప్రభుదాస్ పెరట్లోంచి పొయ్యి దగ్గరికి వచ్చేశాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగిన మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. బొటనవేలి గోరు డికాక్షన్ రంగుకు తిరిగి, ఎంత తోమినా అలాగే ఉండిపోయింది. అతని గురించి చెప్పమంటే ఆ వీధిలో ఎవరైనా కాఫీ గురించే చెబుతారు. ఇంకేం చెప్పాలో వాళ్ళకి తోచదు.

హెలెన్ గురించి అయితే పాట గురించి చెబుతారు. చర్చి బడిలో టీచరు. ఆదివారం ఆరాధనలో ఆమె ఒక్క చరణం ఎత్తుకుంటే వెనక వరసలో గొణుక్కునేవాళ్ళు కూడా ఆగిపోయేవారు.

ఆ గొంతు కొన్నేళ్ళ క్రితం మందగించడం మొదలైంది. జలుబనుకున్నారు. తర్వాత ముఖం ఉబ్బింది. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. దువ్వెన నిండా జుట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో కళ్ళు మూతపడేవి. ఒకరోజు మూడో తరగతికి పాఠం చెబుతూ బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. లేచేసరికి బడి వదిలే వేళయింది. పిల్లలంతా వేళ్ళు పెదవుల మీద పెట్టుకుని, చప్పుడు చేయకుండా కూర్చుని ఉన్నారట. ఆ సంగతి చెప్పి ఏడ్చింది. ప్రభుదాస్‌కి మాత్రం ఆ పిల్లల మీద ఇప్పటికీ ఎంతో ప్రేమ. వాళ్ళెవరో అతనికి తెలియదు. అయినా హోటలుకి ఏ పిల్లాడొచ్చినా వాళ్ళలో ఒకడేమో అనుకుని చక్కెర ఇంకాస్త వేస్తాడు.

బాపట్లలో పనిచేసే కూతురు స్టెల్లా వాళ్ళమ్మను అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. థైరాయిడ్ అన్నారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలన్నారు. హెలెన్ ఒక్క రోజు మానలేదు. ఆర్నెల్లకు చూసి మోతాదు పెంచారు. తర్వాత మళ్ళీ పెంచారు. అయినా ఆమె నిద్ర తేలలేదు. ఎముకలకు మంచిదని స్టెల్లా కాల్షియం బిళ్ళలు పంపింది. రక్తానికని ఐరన్ బిళ్ళలు పంపింది. పక్కింటి నిర్మల రోజూ రాగిజావ కాచి ఇచ్చేది. ఎవరికి చేతనైంది వాళ్ళు చేశారు. హెలెన్ రోజురోజుకీ ఇంకా దూరమైపోయింది.

"నీళ్ళ అడుగున ఉన్నట్టుందండీ" అనేది. "మీరు పైన ఒడ్డు మీంచి పిలుస్తున్నట్టుంటది. వినిపిస్తది. రాలేను."

ఉద్యోగం మానేసింది. పాట మానేసింది.

కిందటేడు శ్రమదినాలకు, ఎవరికి అన్నిటికంటే ప్రియమైనది వాళ్ళు నలభై రోజులు విడిచిపెట్టమని పాస్టరుగారు చెప్పారు. హెలెన్ ఇంటికొచ్చి, "నాకు ప్రియమైందంటే మీ కాఫీయే" అంది. ప్రభుదాస్‌కి గర్వంగానూ అనిపించింది, కష్టంగానూ అనిపించింది. పొద్దున మాత్ర వేసుకోవడానికి ఒక గుటక మంచినీళ్ళు. మధ్యాహ్నం ప్రార్థన అయ్యేదాకా ఇంకేమీ ముట్టదు. ఈస్టరు వారం ఉందనగా, మట్టలాదివారం వచ్చేసరికి ఆమె నీళ్ళ మీదికి తేలింది. ముఖంలో ఎముకలు కనిపించాయి. దుప్పటి మడిచి పెట్టెలో పెట్టింది. ఈస్టరు తెల్లవారుజామున ఆమె పుట్టిల్లు రేపల్లెలో, సమాధుల తోటలో, వాళ్ళమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి కీర్తన ఎత్తుకుంటే, పక్క సమాధుల దగ్గరి వాళ్ళు కూడా చేరారు. అందరూ దేవుణ్ణి స్తుతించారు. ప్రభుదాస్ ఆ మర్నాడే ఫ్లాస్కు కడిగి, మొదటి కాఫీ పట్టుకెళ్ళాడు.

తొలకరి పడే నాటికి హెలెన్ మళ్ళీ మునిగిపోయింది.

ఈ ఏడూ అంతే. ఉపవాసం మొదలయ్యాక తేలింది. ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది, అతని మాటలకు నవ్వుతోంది, తిరిగి మాట అంటోంది. నిన్న పాత చీరలన్నీ తీసి ఎండలో వేసింది. రేపటితో నలభై రోజులు అయిపోతాయి. ఎల్లుండి నుంచి? ఆ ప్రశ్నతోనే అతను నాలుగు రోజులుగా డికాక్షన్ చప్పుడు వింటున్నాడు. అడిగితే దేవుడు ఇంకొన్నాళ్ళు ఇస్తాడా? పాస్టరుగారిని అడగాలా? ఎవర్ని అడగాలో తెలియక ఎవర్నీ అడగలేదు.

"ప్రభుదాసూ, ఆలోచన మాని స్ట్రాంగు రెండు, లైటు ఒకటి!" గల్లాపెట్టె దగ్గర్నుంచి ఆంజనేయులు గారు కేకేశారు.

"వస్తున్నాయండి."

"సాయంత్రం రేపల్లె బండికేగా మీరు? రేపూ ఎల్లుండీ ఎవడు కలుపుతాడో, ఎంతమంది నన్ను తిడతారో."

"రెండు రోజులేగా అయ్యగారూ."

"ఒక్కరోజు చాలు, పేరు పోవడానికి."

ఎండెక్కాక గిరాకీ పలచబడింది. అతను చొక్కా మార్చుకుని, రోడ్డు దాటి మందుల షాపుకి వెళ్ళాడు. రేపల్లెలో రెండు రోజులు ఉండాలి. హెలెన్ మాత్రలు అయిపోవచ్చాయి. షాపులో భవ్య ఒక్కతే ఉంది. ఫార్మసీ చదివిన పిల్ల, ఈ మధ్యే చేరింది. ఫ్యాను కింద కూర్చుని అట్టపెట్టెలు సర్దుతోంది.

"బాబాయ్, కాఫీ తేకుండా వట్టి చేతుల్తో వచ్చారా?"

"పంపిస్తానమ్మా. మీ పిన్నికి మాత్రలియ్యి. అవే, రోజూవి. కాల్షియం కూడా."

ఆమె మాత్రల మీది అంకె చూసి, "ఇంత డోసా?" అంది. "పిన్నికి తగ్గుతోందా దీంతో?"

అతను కౌంటరు మీద చెయ్యి ఆనించాడు. ఎవర్నీ అడగనిది ఈ పిల్లని అడగాలని ఎందుకనిపించిందో తెలియదు. ఫ్యాను గాలి చల్లగా ఉంది. ఆ పిల్ల చేతిలో పని ఆపి వింటోంది. బహుశా అందుకే కావచ్చు.

"ఉపవాసముంటే తగ్గుతదమ్మా. మానేస్తే మళ్ళీ వస్తది. కిందటేడూ అంతే, ఈ ఏడూ అంతే. ఇదేం రోగం?"

భవ్య మాత్రల పట్టీ తిప్పి చూసింది. "మాత్ర ఎలా వేసుకుంటారు?"

"పరగడుపునే. డాక్టరుగారు చెప్పినట్టే. కాఫీ తప్ప ఏమీ ముట్టదు."

"కాఫీ తప్ప?"

"అంటే... మాత్ర వేసుకునేది కాఫీతోనేగా. నేనే తీసుకెళ్తాను. అప్పుడే కాల్షియమూ, ఐరనూ. అన్నీ ఒకసారే వేసేసుకుంటే మర్చిపోదని."

"ఉపవాసంలో?"

"ఉపవాసంలో కాఫీ ఉండదు. మంచినీళ్ళే. బిళ్ళలు మధ్యాహ్నం అన్నం తిన్నాక."

భవ్య చేతిలోని అట్టపెట్టె కింద పెట్టింది. ఆమె ముఖంలో నవ్వు రాబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

"బాబాయ్, కాఫీ తాగితే పరగడుపు కాదు."

"కాఫీయేగా అమ్మా. టిఫిన్ కాదుగా."

"ఆ మాత్రకి కాఫీ కూడా అడ్డమే. పాలు, కాఫీ పడితే అది ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు. కాల్షియం, ఐరన్ అయితే మరీ. అవి దాన్ని పట్టేసుకుని బయటికి తీసుకుపోతాయి. రాగిజావయినా అంతే, వెంటనే తాగకూడదు. మాత్ర వట్టి మంచినీళ్ళతో వేసుకుని, ఓ గంట ఆగాలి. ఆ తర్వాత కాఫీ. ఆ బిళ్ళలు ఇంకా నాలుగ్గంటలాగి."

అతను వింటున్నాడు. రోడ్డు మీద కొల్లూరు అరటి గెలలతో ఆటో ఒకటి హారన్ కొడుతూ వెళ్ళింది.

"అయితే ఉపవాసం కాదా అమ్మా?"

"నాకు తెలిసింది మందు సంగతి బాబాయ్" అంది ఆ పిల్ల మెల్లగా. "కానీ ఒకటి. ఇప్పుడు మందు మొత్తం ఒంటపడుతోంది కాబట్టి ఈ డోసు ఎక్కువ కావచ్చు. గుండె దడగా ఉంటే అశ్రద్ధ చెయ్యొద్దు. పండగయ్యాక బాపట్ల వెళ్ళి రక్తపరీక్ష చేయించండి. కాఫీ సంగతి డాక్టరుగారికి చెప్పండి. మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు."

సరేనన్నాడు. మాత్రలు జేబులో పెట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. హోటలు వైపు రెండడుగులు వేసి, మళ్ళీ తిరిగి ఇంటి వైపు నడిచాడు. ఎన్ని పొద్దుటలు! పాలు పొంగకుండా చూసి, డికాక్షన్ మొదటి ధార పట్టి, చల్లారకుండా చంకలో పెట్టుకుని, కళ్ళు తెరిచేదాకా ముఖం దగ్గర పట్టుకుని... ప్రతి పొద్దుటా తానే ఆమెను నీళ్ళ అడుక్కి పంపి, తానే ఒడ్డు మీద నిలబడి పిలిచాడు.

హెలెన్ వసారాలో కూర్చుని, రేపటికి కట్టుకోవలసిన తెల్ల చీర ఇస్త్రీ చేస్తోంది. లోగొంతుకతో కీర్తన సాగుతోంది. అతను గుమ్మంలో నిలబడి వింటుంటే పాట ఆపి తలెత్తింది.

"ఈ వేళప్పుడు వచ్చారేంటి? ఆంజనేయులు గారు పనిలోంచి తీసేశారా?"

అతను పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. భవ్య చెప్పిందంతా చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక, ఇస్త్రీపెట్టె వైరు వేలికి చుట్టుకుంటూ తల వంచుకున్నాడు.

"నేనే నిన్ను నిద్రపుచ్చాను టీచరుగారూ" అన్నాడు.

హెలెన్ స్విచ్చి ఆపింది. ఇస్త్రీపెట్టెను నిలబెట్టి పక్కకు జరిపింది. అతనికి ఆమె నమ్మకం గుర్తొచ్చి భయమేసింది. ఈ నలభై రోజులూ దేవుడు తనను ప్రత్యేకంగా లేపాడనుకుంది. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది.

"అంటే, కాఫీ మానెయ్యమనిపించింది ఎవరంటారు?" అంది చివరికి.

"పాస్టరుగారు."

"పాస్టరుగారు ప్రియమైనది మానెయ్యమన్నారు. మా వదిన టీవీ మానేసింది. నిర్మలకి మామిడికాయ పచ్చడి. నాకు కాఫీయే ఎందుకు తట్టింది?" ఆమె నవ్వింది. "దేవుడు చూపించాలనుకున్నది చూపించాడు. మనకే రెండేళ్ళు పట్టింది అర్థం కావడానికి."

"మరి నేను..."

"మీరేం చేశారు? వినండి. అడుగున ఉన్నప్పుడు నాకు ఏదీ తెలిసేది కాదు. పొద్దో సాయంత్రమో తెలిసేది కాదు. స్టెల్లా ఫోను చేసి ఏం మాట్లాడిందో గుర్తుండేది కాదు. ఆ వాసన ఒక్కటి తెలిసేది. మా ఆయనొచ్చాడు, తెల్లారింది అనుకునేదాన్ని. అది కూడా లేకపోతే నేను ఎటు పోయేదాన్నో."

అతను భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టు చీర మడత సరిచేసింది.

"గంట తర్వాత తేవాలంటే అప్పుడు నాకు కుదరదు. గిరాకీ వేళ" అన్నాడు.

"తేవద్దు."

"మరి?"

"నేనే వస్తాను. పొద్దున వెళ్ళేటప్పుడు నన్ను లేపి, ఓ గ్లాసు మంచినీళ్ళిచ్చి వెళ్ళండి. మాత్ర వేసుకుంటాను. గంట ప్రార్థన చేసుకుని, చక్కగా జడ వేసుకుని మీ హోటలుకొస్తాను. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా వచ్చానా? ఏ బల్ల దగ్గర కూర్చోమంటారు?"

అతను తలెత్తి చూశాడు. "కిటికీ పక్కది. గాలొస్తది."

"అక్కడి నుంచి మీరు కనిపిస్తారా?"

"పొయ్యి ఎదురుగానే."

"అయితే అదే. మంగళవారం నుంచి. డబ్బులు మాత్రం ఇవ్వను."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ అతను ఎడమ భుజం పట్టుకున్నాడు. "రాత్రుళ్ళు సరిగ్గా పడుకోండి ముందు" అంది హెలెన్. "ఇన్నాళ్ళూ మీ నిద్ర కూడా నేనే పోయాను. ఇక మీది మీరు పొండి."

సాయంత్రం హోటలు నుంచి బయల్దేరే ముందు అతను ఫ్లాస్కు కిందికి దించి, వేడినీళ్ళతో తొలిచాడు. కొత్తగా డికాక్షన్ దించి, పాలు బాగా మరగనిచ్చి కాఫీ కలిపాడు. ఆంజనేయులు గారు చూసి, "రేపు పొద్దుటికా? చల్లారి చస్తుందిరా" అన్నారు.

"చల్లారదండి. పొగలొస్తది చూడండి. ఈ ఫ్లాస్కు సంగతి మీకు తెలీదు."

రేపల్లె బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. అది ప్రభుదాస్‌కి ఇచ్చి, హెలెన్ అతని పక్కన కూర్చుంది. ఎప్పుడూ అలా జరగలేదు. ఎప్పుడూ కిటికీ ఆమెకే, ఆమె తల అతని భుజానికే. బండి కదిలింది. చినరావూరు దాటాక పొద్దు వాలింది. రోడ్ల వెంట ఆరబోసిన మొక్కజొన్న గింజలు పసుప్పచ్చగా సాగుతూ, ఆగుతూ, మళ్ళీ సాగుతూ బండితోపాటే వస్తున్నాయి. కాలవ గట్టు మీద ఒకామె బట్టల మూట నెత్తిన పెట్టుకుని నిలబడి బండి వైపు చూసింది. అరటి తోటలు నల్లబడుతున్నాయి. గాలిలో ఎండిన గడ్డి వాసన, కాలవ నీటి వాసన కలిసి ఉన్నాయి.

"స్టెల్లా, బాబీ రేపు పొద్దున్నే బాపట్ల నుంచి బస్సుకొస్తారట" అంది హెలెన్. బాబీ వాళ్ళ అల్లుడు. "తోట దగ్గరికే వచ్చేస్తారట."

"ఊఁ."

"మాత్ర నా సంచిలో పెట్టారా?"

"పెట్టాను. మంచినీళ్ళ సీసా కూడా. ముందు మాత్ర. తర్వాత గంట."

"తర్వాత కాఫీ. తెలుసు మాస్టారూ."

ఆమె రేపటి కీర్తన ఒకసారి సరిచూసుకోవడానికి మెల్లగా ఎత్తుకుంది. గొంతు తేటగా ఉంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలాయన జేబులోంచి బీడీ తీయబోయి, మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు. ప్రభుదాస్ అది చూశాడు. ఎంత మంచివాడు అనుకున్నాడు. భుజం నొప్పి కాసేపటి నుంచి చేతిలోకి దిగుతోంది. దిగుతూ దిగుతూ ఎక్కడో దూరంగా వెళ్ళిపోయినట్టుంది. ఎన్నో ఏళ్ళ పొద్దుటల నిద్ర అంతా ఒకేసారి వస్తున్నట్టు కళ్ళు బరువెక్కాయి. తల ఆమె భుజానికి వాల్చాడు. చీరకు ఇస్త్రీ వాసన. పైన ఎక్కడో ఒడ్డు మీంచి ఆమె పాడుతోంది. వినిపిస్తోంది. చుక్క. చాలాసేపటికి ఇంకొక చుక్క. కిటికీ పక్క బల్ల, అనుకున్నాడు. మంగళవారం.

హెలెన్ పాట పూర్తి చేసింది. అతని నిద్ర చెడకూడదని కదలకుండా కూర్చుంది. భట్టిప్రోలు వచ్చింది, పోయింది. బండిలో దీపాలు వెలిగాయి. దోమ ఒకటి అతని చేతి మీద వాలితే మెల్లగా తోలింది. రేపల్లెలో బండి ఆగింది. అక్కడితో పట్టాలు అయిపోతాయి కాబట్టి ఎవరూ తొందరపడలేదు. ఒక్కొక్కరే సంచులు తీసుకుని దిగారు. ఎదుటి ముసలాయన కూడా దిగాడు.

"ఏవండీ. రేపల్లె వచ్చింది."

చేతి మీద మెల్లగా తట్టింది.

"ఏవండీ."

ప్లాట్‌ఫారం మీద హెలెన్ తమ్ముడు దావీదు చెయ్యి ఊపుతూ కిటికీ దగ్గరికి వస్తున్నాడు. హెలెన్ అతన్ని చూసింది. లేచి వెళ్ళలేదు, కేక వేయలేదు. భుజం మీది తల జారకుండా చెయ్యి అడ్డం పెట్టి, అలాగే కూర్చుంది.

ఆ రాత్రి దావీదు ఇంట్లో వాళ్ళు చేయవలసినవి చేశారు. తెల్లవారుజామున హెలెన్ వసారాలో, అతని పక్కన కూర్చుని ఉంది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. సంచిలోంచి మాత్ర తీసి, సీసాలోని మంచినీళ్ళతో వేసుకుంది. ఎవరో ఇప్పుడిదేంటన్నట్టు చూశారు. ఆమె పట్టించుకోలేదు.

వీధిలో కొవ్వొత్తులు కదిలాయి. సమాధుల తోటకు వెళ్ళే జనం పాడుకుంటూ వస్తూ, ఆ ఇంటి ముందు సంగతి తెలిసి పాట ఆపేశారు. చెప్పులు విడిచి, మాట్లాడకుండా నిలబడ్డారు. అప్పుడు వసారాలోంచి హెలెన్ గొంతు, వాళ్ళు ఆపిన చరణం దగ్గర ఎత్తుకుంది. వణకలేదు. ఎక్కడా మందగించలేదు. వీధిలో వాళ్ళు మెల్లగా అందుకున్నారు.

వాళ్ళు వెళ్ళిపోయాక స్టెల్లా వచ్చింది. అందిన మొదటి బండి పట్టుకుని, రేగిన జుట్టుతో వచ్చింది. చాలాసేపు నాన్న కాళ్ళ మీద పడి ఏడ్చింది. తర్వాత లేచి, అమ్మ ముఖం చూసి, రాత్రంతా ఏమీ తిని ఉండదనుకుంది. అరుగు మీద ఫ్లాస్కు కనిపిస్తే దగ్గరికి తీసుకుని, మూత మీద చెయ్యి వేసింది.

"ఉండమ్మా" అంది హెలెన్. "ఇంకా గంట కాలేదు."

స్టెల్లా చెయ్యి తీసేసింది. తెల్లవారుతున్న అరుగు మీద, ఒకవైపు సొట్టపడ్డ ఆ ఆకుపచ్చ ఫ్లాస్కు, కుక్కరు రబ్బరు బిగించిన మూతతో, లోపలి వేడిని లోపలే దాచుకుని నిలబడి ఉంది.